క్రూసో తోటలో చెరకు



రాబిన్సన్ క్రూసో కథ మన బళ్లల్లో తరాలుగా చెబుతున్నాం. ఒకప్పుడు అది ఉపవాచకం, ఒకప్పుడు లైబ్రరీ బీరువాలోని బొమ్మల పుస్తకం. ఓడ మునిగిపోతుంది. ఒక్కడే బతికి దీవిలో పడతాడు. గుడిసె కట్టుకుంటాడు, మేకల్ని మచ్చిక చేసుకుంటాడు, గుంజ మీద గాట్లు పెట్టి రోజులు లెక్కవేస్తాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. మరి ఆ ఓడ ఎక్కడికి పోతూ మునిగింది? దేనికోసం బయల్దేరింది? పిల్లల కోసం కుదించిన పుస్తకాల్లో ఈ సంగతి చాలాసార్లు కనిపించదు. ఉన్నా ఒక వాక్యంలో దాటిపోతుంది.

డేనియల్ డెఫో 1719లో వెలువరించిన అసలు నవలలో అంతా వివరంగా ఉంది. క్రూసో మొదట మొరాకో తీరంలోని సాలే రేవులో తానే బానిసగా ఉంటాడు. జూరీ అనే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని చిన్న పడవలో తప్పించుకుంటాడు. దారిలో వాళ్లని రక్షించిన పోర్చుగీసు ఓడ కెప్టెనుకి ఆ జూరీనే అరవై వెండి నాణేలకు ఇచ్చేస్తాడు. తర్వాత బ్రెజిల్‌లో భూమి సంపాదించి పొగాకు పండిస్తాడు, చెరకు వెయ్యడానికి నేల సిద్ధం చేసుకుంటాడు. పని ఎక్కువై మనుషులు చాలకపోయేసరికి, జూరీని వదులుకున్నానే అని బాధపడతాడు. చివరికి తోటి తోటల యజమానులతో మాట్లాడుకుని, ఆఫ్రికాలోని గినీ తీరం నుంచి మనుషులను బానిసలుగా పట్టి తేవడానికి 1659 సెప్టెంబరులో ఓడ ఎక్కుతాడు. తుఫానులో మునిగింది ఆ ఓడే.

ఈ సంగతి ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాలా? చెప్పాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఇంగ్లీషు పాఠం పక్కన దాని కాలాన్ని, దాని నేలను, అందులోని మనుషుల బతుకు తెరువును కూడా చెప్పాలి. చోడవరం ప్రాంతపు బళ్లల్లో ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పినవాడిగా ఈ మాట గట్టిగా నమ్మి చెబుతున్నాను.

ఈ కథ దగ్గర మా ప్రాంతం పేరు ఎత్తడానికి కారణం చెరకు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఇళ్ల పిల్లలు, అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం దిమ్మలు వేసిన ఇళ్ల పిల్లలు మా తరగతి గదుల్లో కూర్చుంటారు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు రాకుండా తోట ఎందుకు నరకరో వాళ్లను అడిగి చూడండి. నరికిన చెరకు ఆగదని చెబుతారు. రోజు గడిచేకొద్దీ బరువు పోతుంది, తీపి పోతుంది. బెల్లం వండే రోజుల్లో గానుగ దగ్గర, పెనం దగ్గర, పొయ్యిలో పిప్పి ఎగదోసేచోట రాత్రీ పగలూ మనిషి ఉండాల్సిందే. పాకం ఎవరి కోసమూ ఆగదు. ఇది పుస్తకంలో చదివి తెలుసుకున్న సంగతి కాదు, వాళ్ల ఇంట్లో జరిగేది.

ఆ తెలిసిన సంగతి నుంచే క్రూసో కాలానికి దారి ఉంది. అమెరికా ఖండాల చెరకు తోటలకు అంతమంది మనుషులు ఒక్కసారిగా ఎందుకు కావలసివచ్చారు? నరకడం, మొయ్యడం, ఆడించడం, వండడం అన్నీ వెంటవెంటనే జరిగిపోవాలి కనక. ఆ చాకిరీకి కూలి ఇచ్చి మనుషులను పెట్టుకుంటే లాభం తగ్గుతుందని యజమానులు ఆఫ్రికా నుంచి మనుషులను కొనుక్కొచ్చారు. ఐరోపా వాళ్ల టీలో పడ్డ పంచదార వెనక ఉన్నది ఇదీ. ఈ మాట విన్నాక మా పిల్లలు వేసే మొదటి ప్రశ్న క్రూసో గురించి కాదు. "మరి ఆ కూలోళ్లు ఏటయ్యారు మేస్టారూ?" అంటారు.

ఆ ప్రశ్న వస్తే పాఠం సగం చెప్పినట్టే. దానికి జవాబు తిరిగి తిరిగి మన జిల్లాకే వస్తుంది. బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. 1834 ఆగస్టు 1 నుంచి తన వలస రాజ్యాల్లో చాలావాటిలో బానిసత్వాన్ని రద్దు చేసింది. మారిషస్‌లో అది 1835 ఫిబ్రవరిలో అమలైంది. మనుషులకు విడుదల వచ్చినా చెరకు తోటలు ఎక్కడికీ పోలేదు. వాటికి కొత్త కూలీలు కావాలి. అప్పుడు ఓడలు ఇండియా వైపు తిరిగాయి. అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని మనవాళ్లను ఎక్కించుకుపోయారు. మారిషస్‌కు నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్లారు. మద్రాసు నుంచి బయల్దేరిన 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నాటాల్ చెరకు తోటలకు వెళ్లినవాళ్లు లక్షా యాభై వేలకు పైనే. ఫిజీకి అరవై వేల మంది. ఉత్తరాదివాళ్లు ఎందరో, తమిళులు ఎందరో. గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. కరువు ఏళ్లల్లో, అప్పుల కింద, అక్కడ తిండికి లోటు ఉండదన్న మేస్త్రీ మాట నమ్మి కదిలినవాళ్లు. మారిషస్‌లో ఈనాటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్ల ముత్తాతలు నరికింది కూడా చెరకే.

తూర్పు తీరపు చెరకు పొలం నుంచి లేచి పరాయి చెరకు తోటలో దిగిన మనిషి గురించి విన్నాక, మా పిల్లవాడు క్రూసోను మళ్లీ చదివితే అది ఇంతకుముందు చదివిన కథ కాదు. దీవిలో తాను కాపాడి తోడు పెట్టుకున్న ఫ్రైడేకి క్రూసో నేర్పిన మొదటి మాటల్లో తనను 'మాస్టర్' అని పిలవమన్నది ఒకటి. అంతకుముందు చదివినప్పుడు ఆ వాక్యం కళ్ల ముందు నుంచి జారిపోయి ఉంటుంది. ఇప్పుడు అక్కడ ఆగుతాడు. ఒక పిల్లవాడు ఇంగ్లీషు వాక్యం దగ్గర తనంతట తాను ఆగాడంటే, ఇంగ్లీషు మేస్టారుకి అంతకంటే కావలసిందేముంది?

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. చరిత్ర చెప్పే ఉత్సాహంలో కథను నేరపత్రంలా మార్చకూడదు. ఒంటరి మనిషి తన చేతులతో రొట్టె చేసుకునేదాకా పడ్డ పాట్లు అద్భుతంగా రాశాడు డెఫో. ఆ ఆనందం పిల్లలకు ముందు దక్కాలి. మొదటిసారి కథ కథగానే చదవాలి, గట్టిగా, గొంతు మార్చి మార్చి చదవాలి. రెండోసారి చదివేటప్పుడు కాలం సంగతి ఎత్తాలి. నేపథ్యం పేరుతో పాఠానికి ముందే అరగంట తారీకులు చెబితే కథా చచ్చిపోతుంది, చరిత్రా చచ్చిపోతుంది. పదకొండేళ్ల పిల్లలకు హింసను బొమ్మకట్టి చూపించాల్సిన పని కూడా లేదు. నిజం చెప్పాలి, భయపెట్టకూడదు.

ఇంకో కథ తీసుకుందాం. రాబిన్‌హుడ్. ధనవంతుల్ని దోచి పేదలకు పెట్టిన షెర్వుడ్ అడవి వీరుడు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పిల్లవాడు లేస్తాడు. "అడవిలో జింకని కొడితే నేరం ఏటండీ?" అని. ఈ ప్రశ్నకు 'అది రాజుగారి జింక' అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోవచ్చు. పోకుండా నిలబడితే ఇంగ్లండు చరిత్రలో పెద్ద తలుపు తెరుచుకుంటుంది. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజులు పెద్ద పెద్ద అడవుల్ని తమ వేట కోసం ప్రత్యేకించుకున్నారు. అడవి అంచున బతికే రైతు అక్కడ జింకను చంపితే కళ్లు పోగొట్టుకోవాల్సిన రోజులున్నాయి. కట్టె కొట్టడానికి, పందుల్ని మేపడానికి, నేల దున్నడానికి కూడా ఆంక్షలే. 1217లో వచ్చిన అటవీ శాసనంలో, ఇకపై వేటమాంసం కోసం ఎవరి ప్రాణమూ అవయవమూ తీయకూడదని రాసుకోవాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఏం జరిగేదో పిల్లలే ఊహించుకోగలరు.

ఇప్పుడు తరగతి గది కిటికీ అవతలికి చూడమని చెప్పవచ్చు. చోడవరం నుంచి మాడుగుల మీదుగా పోతే ఘాటీ మొదలవుతుంది. పైన మన్యం. అక్కడ తరతరాలుగా కొండవాలు మీద చెట్టు కొట్టి, కాల్చి, పోడు వేసుకుని బతికినవాళ్లకు 1882 మద్రాసు అటవీ చట్టం అడ్డు నిలబడింది. కలప, మేత, పోడు అన్నిటికీ అనుమతి కావాలన్నారు. దానికి తోడు నర్సీపట్నం నుంచి చింతపల్లి దాకా రోడ్డు వెయ్యడానికి సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత చాకిరీ చేయించుకున్నారు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లాడంటే దాని వెనక ఇదంతా ఉంది. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మా పిల్లల్లో కొందరు అది చూసినవాళ్లే.

ఇంగ్లండు అడవి, మన్యం అడవి పక్కపక్కన పెట్టగానే, రాబిన్‌హుడ్ దొంగా, దొరా అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. అక్కడితో ఆపెయ్యకండి. ఈ ఇద్దరికీ మధ్య తేడా కూడా చెప్పాలి. రాబిన్‌హుడ్ పాటల్లో, కథల్లో పెరిగిన మనిషి. అలాంటివాడు నిజంగా ఉన్నాడని చూపించే గట్టి ఆధారం లేదు. సీతారామరాజు తేదీలు, ఉత్తరాలు, సర్కారు దస్తావేజులు ఉన్న మనిషి. ఆయన మీద కూడా సినిమాలొచ్చాయి, పాటలొచ్చాయి. మా పిల్లలకు ఆయన ముందు సినిమా ద్వారానే తెలుసు. కనక ఏది జరిగింది, ఏది జనం కోరుకుని అల్లుకున్నది అని విడదీసి చూడడం ఇక్కడే నేర్పవచ్చు. పన్నెండేళ్ల వయసులో ఈ విడదీత నేర్చుకున్నవాళ్లు రేపు ఫోనులో వచ్చే ప్రతి మాటనూ నమ్మరు.

మూడోది ఒక యుద్ధం కథ. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు వాచకం 'హనీడ్యూ'లో చాలా ఏళ్లు మొదటి పాఠంగా ఉన్న కథ మైకేల్ మోర్‌పర్గో రాసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 క్రిస్మస్ రోజున బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాల్లోంచి పైకి వచ్చి కలిసి తిని, ఫుట్‌బాల్ ఆడుకున్నారని ఒక సైనికుడు ఇంటికి రాసిన ఉత్తరం చుట్టూ నడుస్తుంది. ఉత్తరం కల్పన, ఆ రోజు జరిగిన సంధి మాత్రం నిజం. ఆ సంధిలో పాల్గొన్నవాళ్లలో ఇండియా నుంచి వెళ్లిన గఢ్వాల్ రైఫిల్స్ సైనికులూ ఉన్నారు. అదే ఏడు సెప్టెంబరు 22న జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించింది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కథ ఎవరిదో తెల్లవాళ్ల పండగ కథగా మిగలకుండా పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం పాఠమైతే మరీ సులువు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ మాట పెద్దల నోట విన్న ఇళ్లు మా ప్రాంతంలో ఇంకా ఉన్నాయి.

ఇక టైం సంగతి. సిలబస్ పూర్తవ్వాలి, పరీక్షలున్నాయి, వాక్యం సరిగా చదవలేని పిల్లలకు చరిత్ర ఎక్కడ చెబుతాం అని తోటి ఉపాధ్యాయులు అంటారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. అయినా నా అనుభవం వేరే చెబుతోంది. పిల్లవాడు వాక్యం చదవలేకపోవడానికి మాటలు రాకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆ మాటలు ఏ లోకం గురించి చెబుతున్నాయో తెలియకపోవడం కూడా కారణమే. 'ప్లాంటేషన్' అనే మాట అర్థం గైడులో చూసి బట్టీపట్టినవాడు పరీక్ష అయ్యాక మరిచిపోతాడు. చెరకు తోటతో ముడిపెట్టుకున్నవాడు మరవడు. పైగా ఇంగ్లీషులో చెప్పడానికి వాడి దగ్గర సొంత సంగతి ఒకటి ఉంటుంది. 'మా తాత చెరకు నరికేవాడు, పెనం దగ్గర రాత్రంతా మేలుకునేవాడు' అని నాలుగు వంకర వాక్యాలు ఇంగ్లీషులో రాసినా, అవి వాడి వాక్యాలు. గైడులోంచి ఎత్తి రాసిన పది తప్పులేని వాక్యాలకంటే వాటిలోనే భాష పెరుగుతుంది. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులు ఎలాగూ ఉన్నాయి. అట్ట మీద బొమ్మలు అంటించే బదులు వాటిని దీనికి వాడుకోవచ్చు.

పక్క గదిలో సోషల్ చెప్పే మేస్టారుతోనో టీచరమ్మతోనో ఏడాది మొదట్లోనే ఒకసారి కూర్చుంటే సగం పని తేలికవుతుంది. బ్రిటిష్ పాలన పాఠం సోషల్‌లో డిసెంబరులో వస్తుంది, దానికి సంబంధించిన కథ ఇంగ్లీషులో జులైలోనే అయిపోతుంది. రెండూ దగ్గర దగ్గరగా జరుపుకుంటే ఒకరు చెప్పింది ఇంకొకరు మళ్లీ చెప్పనక్కర్లేదు. ప్రపంచ పటం సోషల్ గదిలోనే ఎందుకుండాలి? ఇంగ్లీషు పీరియడుకి కూడా తెచ్చుకోవచ్చు.

కడపట ఒక పుస్తకం గురించి చెప్పాలి. నా లెక్కలో మా ప్రాంతపు పిల్లలకు ఇంతకంటే మంచి ఇంగ్లీషు చరిత్ర పాఠం దొరకదు. గురజాడ అప్పారావుగారు ఎస్. రాయవరంలో పుట్టారు. చోడవరానికి ఎంతో దూరం కాదు. ఇప్పుడు రెండూ అనకాపల్లి జిల్లాలోనే ఉన్నాయి. ఆయన విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పినవారు. కన్యాశుల్కం నాటకాన్ని 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చువేశారు. నాటకం తెలుగు, దానికి ఆయన రాసిన ముందుమాట మాత్రం ఇంగ్లీషు. ఆ ముందుమాటలో లెక్కలున్నాయి. విజయనగరం మహారాజా ఆనందగజపతి చొరవతో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయించారు. 1,034 పెళ్లిళ్లు తేలాయి. అంటే ఏడాదికి సగటున 344. అందులో అయిదేళ్ల వయసుకే పెళ్లయిన ఆడపిల్లలు 99 మంది, నాలుగేళ్లకు 44, మూడేళ్లకు 36, రెండేళ్లకు ఆరుగురు, ఏడాది వయసుకే ముగ్గురు. ఆ ఏడాది పసిపాపలకు పలికిన వెల 350 నుంచి 400 రూపాయలు.

ఎనిమిదో తరగతికి గురజాడవారి ఇంగ్లీషు బరువే. అందుకే ఆ ఒక్క పేరానే తీసుకుని, కష్టమైన మాటలు పక్కన రాసి, నెమ్మదిగా చదివించాలి. అంకెలు పిల్లల చేతే నల్లబల్ల మీద వేయించాలి. అయిదేళ్లు, అంతకు తక్కువ వయసువాళ్లు మొత్తం ఎంతమందో కూడమనాలి. 188 వస్తుంది. అప్పుడు నాటకంలో సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వబోయే కథ చెబితే, అది నవ్వించడానికి అల్లిన కథే అనుకోరు. ఒక రచయిత తన చుట్టూ ఉన్న లోకాన్ని చూసి తట్టుకోలేక నాటకం రాశాడని తెలుస్తుంది. సాహిత్యం పుట్టే చోటు వాళ్లకు కనిపిస్తుంది. అదీ ఇంగ్లీషులోనే కనిపిస్తుంది, తమ జిల్లా పేరుతో కనిపిస్తుంది. ఇప్పుడు కూడా పదో తరగతి దాటకుండానే పెళ్లి మాట వినే ఆడపిల్లలు ఆ గదిలో ఉంటారని మరవకండి. వాళ్లను వేలెత్తి చూపించకుండా పాఠం చెప్పడం ఉపాధ్యాయుడి బాధ్యత. వాళ్లకు చట్టం ఏం చెబుతోందో, పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లకు పెళ్లి చెయ్యడం నేరమని, సాయం కావాలంటే 1098కి ఫోను చెయ్యవచ్చని అదే పీరియడులో చెప్పడం కూడా ఆయన బాధ్యతే.

బడులు తెరిచే జూన్‌లో తోటి ఉపాధ్యాయులను నేను అడిగేది చాలా కొద్ది. కొత్త వాచకం చేతికి రాగానే ప్రతి కథ, ప్రతి పద్యం పేరు పక్కన అది రాసిన ఏడు, అది జరిగిన చోటు పెన్సిలుతో రాసుకోండి. వాటిలో మీ ఊరికి దారి ఉన్నవి రెండో మూడో తప్పక కనిపిస్తాయి. ఈ ఏడాదికి ఆ రెండు మూడూ చాలు. తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు ఇంటికొచ్చి గానుగ గురించో, రంగూన్ వెళ్లిన తాత గురించో, పాత కరువు గురించో అడిగితే, ఇంగ్లీషు చదువుకోక ఇవెందుకని కసరకండి. తెలిసినంత చెప్పండి. వాళ్లు అడుగుతున్నది ఇంగ్లీషు హోంవర్కే.